చెల్లెలి వరస

సెప్టెంబరు 1, కొత్త సంవత్సరం

మా ఆయన పోయి మూడేళ్ళయినా ఆయన గుర్రాల వైద్యం పుస్తకం ఇంకా అలమరలోనే ఉంది. అందులో అక్కడక్కడా కలిపి నలభై ఖాళీ పుటలున్నాయి. ఈ ఇంట్లో ఇప్పుడు గుర్రాలూ లేవు, గుర్రాల కడుపునొప్పి గురించి చదివేవాళ్ళూ లేరు. మాట దాచుకోవడానికి కాన్‌స్టాంటినోపుల్ మొత్తంలో ఇంతకంటే మంచి చోటు దొరకదు.

ఇవాళ పెద్ద చర్చిలో, ఆడవాళ్ళు నిలబడే మేడ మీదకు నేను ఎక్కగానే ముగ్గురు ముసుగులు సర్దుకున్నారు. మహారాణి చెలికత్తె మరీనా మాత్రం నవ్వుకుంటూ దగ్గరికి వచ్చింది.

“సేనాపతిగారు కులాసానా అండీ?”

“ఏ సేనాపతి?”

“అయ్యో, మీకెంతమంది తెలుసేమిటి!”

మా పెదనాన్న ఈ సింహాసనం మీద పద్నాలుగేళ్ళు కూర్చున్నాడు. ఆ రోజుల్లో ఈ మరీనా తల్లి మా చెప్పులు విప్పేది. కాలం కలిసిరాకపోతే తాడే పామై కరుస్తుందంటారు. నేను ప్రార్థన అయ్యేదాకా కదలకుండా నిలబడ్డాను. ఏ ప్రార్థన జరిగిందో అడిగితే చెప్పలేను.

సెప్టెంబరు 3, బుధవారం

సేనాపతి దమియానోస్ వచ్చాడు. బుధవారం బుధవారం వస్తాడు. తూర్పు సరిహద్దులో మా ఆయన పడిపోయిననాడు తల ఒళ్ళో పెట్టుకున్న మనిషి. అందుకే వస్తాడు. ఆయన గురించి మాట్లాడుకోవడానికి. మాట్లాడవలసిందంతా మొదటి ఏడాదే అయిపోయింది కనుక ఇప్పుడు చదరంగం ఆడతాం.

ఉపవాసపు రోజు. మాంసం లేదు, చేప లేదు. సోంపు వేసి చిక్కుడు గింజలు ఉడికించమన్నాను. అతనికి ఇష్టమని కాదు. బుధవారం ఎవరింట్లోనైనా అవే కదా.

“మీ వంటమనిషిని నా దండుకు పంపండి దొరసానిగారూ. ఈ గింజలు తిన్నవాడు యుద్ధం వదిలి పారిపోడు” అన్నాడు.

“మీ దండులో ఆవిడ రెండు రోజులు బతకదు.”

“అయితే దండునే ఇక్కడికి తెస్తాను.”

పెలాగియా మూలన కూర్చుని కదురు తిప్పుతూనే ఉంది. తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. పుట్టిననాటి నుంచి నన్ను పెంచిన మనిషి పెలాగియా, ఆవిడ ఉండగా నా గదిలో ఈగ కూడా అనుమతి లేకుండా వాలదు. ఇదంతా ఎవరికి చెప్పుకుంటున్నానో.

సెప్టెంబరు 10, బుధవారం

చదరంగంలో నేనే గెలిచాను. కావాలని ఓడాడు.

సెప్టెంబరు 19

పెలాగియా బజారు నుంచి బుట్ట ఖాళీగా తెచ్చింది.

“చేపలవాళ్ళు పాట కట్టారమ్మా.”

“ఏమని?”

“నా నోటితో చెప్పను.”

“చెప్పు.”

చెప్పింది. నేను ఇక్కడ రాయను. బాణీ మాత్రం బాగుంది. దిక్కుమాలిన బాణీ, పొద్దుటి నుంచి నా నోట్లోనే ఆడుతోంది.

అక్టోబరు 1, బుధవారం

దమియానోస్‌తో చెప్పేశాను. నలుగురూ నాలుగు మాటలంటున్నారన్నాను.

“నలుగురికీ నాలుగు పనులు లేవు” అన్నాడు. పావు జరిపి, “నేను రావడం మానేయనా?” అన్నాడు.

ఎత్తు వేయవలసింది నేనే కనుక బల్ల వైపు చూస్తూ కూర్చున్నాను. పెలాగియా కదురు ఆగిపోయింది. “మీ ఇష్టం” అన్నాను.

“అయితే వస్తాను.”

ముక్కుసూటి మనిషి. రమ్మంటే వస్తాడు, వద్దంటే మానేస్తాడు. అంతకంటే అందులో వెతకవలసింది ఏమీ లేదు.

అక్టోబరు 14

దమియానోస్ భార్య థెక్లా మొన్న మగపిల్లాణ్ణి కన్నది. పెళ్ళయిన పన్నెండేళ్ళకు.

రెండు రోజులు ఆలోచించాను. ఇంతకాలం నాకు ఎందుకు తట్టలేదో ఆశ్చర్యంగా ఉంది. ఆ బిడ్డకు నేను జ్ఞానతల్లిని అయితే చాలు. జ్ఞానస్నానపు తొట్టిలోంచి బిడ్డను నా చేతుల్లోకి ఎత్తుకున్న మరుక్షణం తండ్రికీ నాకూ అన్నాచెల్లెళ్ళ వరస. ఒక కడుపున పుట్టినవాళ్ళ వరస కంటే గట్టిది, మహాపీఠాధిపతి కూడా విప్పలేడు. అప్పుడు మరీనా ఏమని అడుగుతుంది? అన్నయ్యగారు కులాసానా అని అడుగుతుంది. అడగనీ.

ఒక్క దెబ్బకు రెండు పిట్టలు. ఊరి నోరూ మూతపడుతుంది, బుధవారాలూ ఉంటాయి.

రెండో పిట్ట సంగతి కొట్టేద్దామనుకున్నాను. కొట్టేస్తే ఇంకా బాగా కనిపిస్తుంది. ఉండనీ.

అక్టోబరు 17

బాలింతను చూడటానికి వెళ్ళాను. థెక్లా దిండ్లకు ఆనుకుని కూర్చుంది. నా కంటే పదేళ్ళు చిన్నది. బిడ్డకు జ్ఞానతల్లిని అవుతానన్నాను.

“ఊరంతా మీ పేరే అనుకుంటోంది. ఇప్పుడొచ్చి నా బిడ్డను ఎత్తుకుంటానంటారా?”

“అందుకే ఎత్తుకుంటానంటున్నాను.”

అర్థమయ్యేసరికి పకపకా నవ్వింది. “అంటే మీరు నాకు ఆడబిడ్డ అవుతారన్నమాట. పన్నెండేళ్ళు హాయిగా కాపురం చేశాను, ఇప్పుడు ఆడబిడ్డ పోరు కూడా పడాలా?”

“పోరు పెట్టను.”

“అందరు ఆడబిడ్డలూ అలాగే అంటారు వదినా.”

అప్పుడే వరస కలిపేసింది. నేననుకున్నంత అమాయకురాలు కాదు.

ఇంటికొచ్చాక పెలాగియా మాత్రం మూతి ముడుచుకునే ఉంది. “గోడ కట్టేముందు తలుపు ఎక్కడో చూసుకోవాలమ్మా. కట్టాక పెట్టలేం” అంది.

“నాకు తలుపు అక్కర్లేదు.”

“మరీ మంచిది” అంది. ఆ “మరీ” నాకు నచ్చలేదు.

నవంబరు 23, ఆదివారం

అయింది.

చిన్న చర్చి అనుకున్నాను, జనం పట్టలేదు. సరిహద్దు దళాల నాయకులు పన్నెండు మంది వచ్చారు. నేను పిలవలేదు. దమియానోస్ కూడా పిలవలేదట, సేనాపతికి కొడుకు పుట్టాడని వాళ్ళే వచ్చారు. మా పెదనాన్న కాలంలో పదవుల్లో ఉన్న ముసలివాళ్ళు కూడా కర్రలు పట్టుకుని వచ్చి నా చేయి ముద్దుపెట్టుకున్నారు. ఒకాయన ఏడ్చాడు. వెనక స్తంభం దగ్గర అంతఃపురం అధికారి కోస్మాస్ నిలబడి ఉన్నాడు. చిన్నప్పుడు నాకు అక్షరాలు దిద్దించిన కొజ్జా అతను, ఇప్పుడు ఈ చక్రవర్తికి కళ్ళూ చెవులూ. పెదాలు కదుపుతున్నాడు. ప్రార్థన అనుకున్నాను.

బిడ్డకు నికోన్ అని పేరు పెట్టారు. ఒళ్ళంతా నూనె పూసి నీళ్ళలో మూడు మునకలు వేశాక తండ్రి చేతుల మీదుగా నాకు అందించారు.

“జాగ్రత్తగా పట్టుకో చెల్లెమ్మా, జారుతాడు” అన్నాడు దమియానోస్.

మూడేళ్ళుగా దొరసానిగారూ అన్న నోరు. ఎంత తేలిగ్గా అన్నాడు! చెల్లెమ్మా అంటే పర్లేదు, ఏకవచనం కూడా వచ్చేసింది. ముక్కుసూటి మనిషి, వరస మారితే పిలుపు మారుతుంది, అంతే. బిడ్డను అందిస్తుంటే అతని చేయి నా చేతికి తగిలింది. మూడేళ్ళలో అదొక్కసారే. నూనె వల్ల సరిగ్గా తెలియలేదు కూడా.

బిడ్డ తల మీద నాలుగు వెంట్రుకలు కత్తిరించి మైనంలో అద్ది నాకు ఇచ్చారు. జ్ఞానతల్లి దాచుకోవాలి కదా. ఈ పుస్తకంలోనే పెట్టాను, గిట్టల జబ్బులు ఉన్న చోట.

డిసెంబరు 3, బుధవారం

వచ్చాడు. చదరంగం ఆడలేదు. అన్నాచెల్లెళ్ళు ఎంతసేపని ఆడతారు. బిడ్డకు పాలు బాగానే పడుతున్నాయట.

బజారులో పాట ఆగిపోయింది. మరీనా నాకు తలవంచి దణ్ణం పెట్టింది, నవ్వలేదు. అంతా నేననుకున్నట్టే జరిగింది.

డిసెంబరు 10, బుధవారం

రాలేదు. ఏదో పని పడి ఉంటుంది.

డిసెంబరు 17, బుధవారం

చిక్కుడు గింజలు పెలాగియా తిన్నది.

అంతా నేననుకున్నట్టే జరిగింది.

డిసెంబరు 22

చక్రవర్తి మంచం పట్టి పది రోజులైంది. పిల్లలు లేరు. రొట్టెలవాడి దగ్గర నుంచి పీఠాధిపతి దాకా అందరూ ఒకటే గొణుగుడు: తర్వాత ఎవరు?

ఇవాళ పొద్దున దమియానోస్‌ను ఇంట్లోంచి తీసుకుపోయారు. దళనాయకుల్లో ఐదుగురిని కూడా. పెలాగియా చెప్పినప్పుడు నేను గోళ్ళకు గోరింట పెట్టించుకుంటున్నాను. చేయి కదపలేదు. పండేదాకా కదపకుండానే కూర్చున్నాను. ఎందుకలా కూర్చున్నానో నాకే తెలియదు.

డిసెంబరు 25

పండుగకు ఎవరూ రాలేదు.

డిసెంబరు 30

కొత్త పాట వచ్చిందట. ఈసారి పెలాగియా చెప్పనంటే చెప్పనంది. నేనూ అడగలేదు. వాకిట్లో ఇద్దరు భటులు కూర్చుని గింజలు కొరుకుతున్నారు.

జనవరి 8

కోస్మాస్ వచ్చాడు. ముసలివాడైపోయాడు, మెట్లెక్కేసరికి ఆయాసపడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. జరిగిన మాట జరిగినట్టు రాసి పెడతాను, మళ్ళీ మళ్ళీ చదువుకోవలసిన అవసరం ఉంది.

“అమ్మాయిగారూ, వేసవి నుంచీ మీ ఇద్దరి కబుర్లు చక్రవర్తికి నేనే చెప్పేవాణ్ణి. ఆయన నవ్వుకునేవారు. ఒక విధవరాలు, పెళ్ళాం ఉన్న సిపాయి, బుధవారం పూట చిక్కుడు గింజలు. ఇందులో రాజుకు భయమేముంది?”

“మరి ఇప్పుడేమొచ్చింది?”

“ఇప్పుడు మీరు వరస కలుపుకున్నారు. రంకు వల్ల రాజ్యాలు పోవు తల్లీ, వరసల వల్ల పోతాయి. పాత చక్రవర్తి తమ్ముడి కూతురు సేనాపతి కొడుకును ఎత్తుకుంది. పన్నెండు దళాలు పక్కన నిలబడ్డాయి. మీ పెదనాన్న మనుషులు వచ్చి కన్నీళ్ళు పెట్టుకున్నారు. చావు మంచం మీద ఉన్నవాడికి అది జ్ఞానస్నానంలా కనిపిస్తుందా, పట్టాభిషేకంలా కనిపిస్తుందా?”

“పుకార్ల నోరు మూయడానికి చేశాను కోస్మాస్. దేవుడి తోడు.”

“నాకు తెలుసు. ఆ పుకార్లే ఇన్నాళ్ళూ మిమ్మల్ని కాపాడాయి. మీ చేతులతో మీరే వాటి నోరు మూశారు.”

కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

కుట్ర అని తేలితే దమియానోస్‌కు కళ్ళు తీస్తారు. నన్ను ద్వీపానికి పంపుతారు. కుట్ర కాదని ఎలా తేలుతుంది అని అడిగాను. కోస్మాస్ కిటికీలోంచి సముద్రం వంక చూస్తూ చెప్పాడు.

“ఆ బుధవారాలు మరొకందుకు అని తేలాలి. మీరు ఒప్పుకోవాలి, అతను ఒప్పుకోవాలి. అప్పుడు అది రాజద్రోహం కాదు, వావి తప్పిన పాపం. దానికి శిక్ష ఇద్దరికీ ముక్కు కోయడం.”

“జ్ఞానస్నానానికి ముందే జరిగి ఆగిపోయింది అంటే?”

“అప్పుడు పాపం దాచిపెట్టి ఆ చేతులతోనే బిడ్డను ఎత్తుకున్నట్టు. అది ఇంకా పెద్దది. సెప్టెంబరులో ఒప్పుకుని ఉంటే నాలుగేళ్ళ ఉపవాసాలతో పోయేది. ఇప్పుడు ఏ దారిన పోయినా ముక్కు దగ్గరికే.”

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. “మీరు నన్ను తాతా అని పిలిచి ఇరవై ఏళ్ళయింది” అన్నాడు. నేను పిలవలేదు. పిలిచి ఉండవలసింది.

జనవరి 9

థెక్లా వచ్చింది. బిడ్డ చంకలో ఉన్నాడు. భటులకు ఏం ఇచ్చి వచ్చిందో చెవులకు కమ్మలు లేవు.

“ఒప్పుకోండి వదినా.”

“ఒప్పుకోవడానికి అక్కడ ఏమీ లేదు థెక్లా.”

“ఇంకా నా దగ్గర కూడానా?” అంది. గొంతు చించుకోలేదు, మామూలుగానే అంది. “సరే. లేదు. లేకపోతే ఉన్నట్టే చెప్పండి. నా మొగుడు ఆవిడ దగ్గరికి పోయేవాడని నేనూ నలుగురిలో చెప్తాను. సిగ్గు నాది కదా, నేనే ఇస్తున్నాను, తీసుకోండి.”

“ముక్కు కోస్తారు. ఆయనకు కూడా.”

“కోయనీ. ముక్కు చూసి కాపురం చేశానా? ముక్కు కోసినా మొదటి మొగుడే మేలనేది మా అమ్మ. ముక్కు లేని మొగుడైనా నాకు మేలే. వీణ్ణి చూసుకోవడానికి ఆయనకు కళ్ళుండాలి.” బిడ్డను నా ఒళ్ళో పడేసింది. “మీ మొహం గురించి ఆలోచిస్తున్నారా?”

ఆలోచించాను. ముప్పై ఎనిమిదేళ్ళ మొహం, ఇప్పుడు దాన్ని చూసేవాళ్ళెవరు అనుకున్నాను. అనుకున్నానే గానీ నా చేయి నా ముక్కు మీదకు పోయింది. థెక్లా చూసింది, చూడనట్టు ఊరుకుంది.

తర్వాత ఆ పిల్ల చేసిన పని చచ్చేదాకా మరిచిపోను. న్యాయాధికారులు గుర్తులు అడుగుతారట. తన మొగుడి ఒంటి మీద ఏమేమి ఎక్కడెక్కడ ఉన్నాయో నాకు పాఠం చెప్పింది. ఎడమ తొడ మీద గుర్రం తన్నిన మచ్చ, అరచేయంత. పక్కటెముకల కింద బాణం గాయం. వీపు మీద రెండు పుట్టుమచ్చలు, ఒకటి ఉబ్బెత్తు. “మళ్ళీ చెప్పండి” అంది. చెప్పాను. “తొడ ఏ వైపు?” అంది. “ఎడమ” అన్నాను. పలక మీద అక్షరాలు దిద్దించినట్టు దిద్దించింది. చివరికి వచ్చేసరికి ఇద్దరం ఏడుస్తున్నాం. బిడ్డ మాత్రం హాయిగా నిద్రపోయాడు.

జనవరి 10

వాళ్ళ ముందు తడబడకుండా ఉండాలంటే ముందు రాసి చూసుకోవాలి.

సెప్టెంబరు పది, బుధవారం. పెలాగియాను నేనే చర్చికి పంపాను. చదరంగం ఆడాం. కావాలని ఓడాడు. నేను పావులు సర్దుతుంటే నా మణికట్టు పట్టుకున్నాడు. “మీ దగ్గర గెలవాలని ఒక్కరోజు కూడా అనిపించలేదు” అన్నాడు. “వదలండి” అన్నాను. వదిలేశాడు. వదిలేశాక నేనే మళ్ళీ చేయి చాచాను. బయట వాన పడుతోంది. అతని జుట్టులో సోంపు వాసన. ఆ రోజు నుంచి ప్రతి బుధవారం.

చదివి చూసుకున్నాను. ఎక్కడా కలం ఆగలేదు, ఒక్క మాట కొట్టివేయలేదు. అబద్ధమాడటం ఇంత సులువని ఇన్నేళ్ళూ తెలియలేదు.

జనవరి 12

చెప్పాను. నలుగురు న్యాయాధికారులు, ఇద్దరు రాయసగాళ్ళు, తెర వెనక ఎవరో ఆడవాళ్ళు. మరీనా అత్తరు నాకు తెలుసు.

ముందు రెండు మాటలు తడబడ్డాను, మణికట్టు సంగతి దగ్గరికి వచ్చేసరికి తడబాటు పోయింది. మచ్చలు అడిగారు, చెప్పాను. తొడ ఎడమది అన్నాను. థెక్లా కూడా వచ్చి తనకు అంతా తెలుసని ప్రమాణం చేసి చెప్పింది, నన్ను లంజ అంది, ఒకసారి కాదు, మూడుసార్లు. చివరిసారి నిజంగానే అందనుకుంటాను.

పెద్ద న్యాయాధికారి కలం పక్కన పెట్టి, “సేనాపతి కూడా ఇదే చెప్తే ఇది మా ముందుకు రావలసిన వ్యవహారమే కాదు, చర్చివాళ్ళు చూసుకుంటారు” అన్నాడు.

ఒక్క మాట. అవును అంటే చాలు.

జనవరి 13

అవును అంటే చాలు.

జనవరి 14, బుధవారం

ఇంకా కబురు లేదు. వంటమనిషి ఏం వండమంటారని అడిగితే అరిచాను.

ఎవరూ చదవని పుస్తకం కదా, రాసేస్తాను. నాకు అతనంటే ఇష్టం. మూడేళ్ళుగా ఇష్టం. మంగళవారం తల అంటుకునేదాన్ని. ఊరు ఒక్క అబద్ధం కూడా ఆడలేదు, నాకంటే ముందే దానికి తెలిసింది. నేను సిగ్గుపడి అతన్ని అన్నను చేసుకున్నాను, ఆ సిగ్గు ఇప్పుడు అతని కళ్ళ మీదకు వచ్చింది.

జనవరి 16

కోస్మాస్ వచ్చాడు. ఈసారి అడగకుండానే కూర్చున్నాడు. కూర్చోగానే నాకు తెలిసిపోయింది.

“కాదన్నాడు.”

“సరిగ్గా అడిగావా?”

“మూడుసార్లు అడిగాను. అవునంటే ఏమవుతుందో, కాదంటే ఏమవుతుందో విడమరిచి చెప్పి మరీ అడిగాను. సువార్త మీద చేయి పెట్టి, ‘ఆవిడ నా కొడుక్కి జ్ఞానతల్లి, నాకు చెల్లెలు, తప్పుగా చూసి ఎరగను’ అన్నాడు.”

“నేను చెప్పింది అతనికి చెప్పలేదా?”

“చదివి వినిపించాను.”

“అంతా?”

“అంతా. చదరంగం, మణికట్టు, వాన.”

“విని ఏమన్నాడు?”

కోస్మాస్ మోకాళ్ళు రుద్దుకున్నాడు. “ఇంకోసారి చదవమన్నాడు.”

“చదివావా?”

“చదివాను. కళ్ళు మూసుకుని విన్నాడు. అయ్యాక నవ్వాడు. అప్పుడు కాదన్నాడు.”

తాతా అని పిలిచాను. “పిలుపు ఆలస్యమైందమ్మా” అన్నాడు. ఆ శిక్ష పొద్దున్నే అయిపోయిందట.

జనవరి 17

ముక్కుసూటి మనిషి. అబద్ధం చేతకాదు. అంతే. అంతకంటే ఏమీ లేదు.

జనవరి 19

పెలాగియా బజారుకు వెళ్ళొచ్చింది. జనం నన్ను పొగుడుతున్నారట. భర్త స్నేహితుడి కళ్ళ కోసం తన పేరే బురదలో పడేసుకుంది మహాతల్లి, ఆవిడ ఎక్కడ, ఆ పని ఎక్కడ అంటున్నారట. చేపలవాడు డబ్బులు వద్దన్నాడట.

ఆర్నెల్లు కాదు కాదంటే ఒక్కడు నమ్మలేదు. ఒక్కరోజు అవునంటే అదీ నమ్మలేదు.

ఫిబ్రవరి 6, ద్వీపం

దొంగ సాక్ష్యం, కుట్ర. రెండూ కలిపి జీవితాంతం మఠం. ముక్కు జోలికి రాలేదు, చేయని పాపానికి ముక్కు కోయరు కదా. జుట్టు తీసేశారు. ఎవరూ మైనంలో అద్ది దాచుకోలేదు.

గుర్రాల వైద్యం పుస్తకం వెంట తెచ్చుకుంటానంటే మఠం పెద్దమ్మ తిప్పి తిప్పి చూసి ఒప్పుకుంది. ఇక్కడ ఒక కంచరగాడిద ఉంది, దానికి ఎప్పుడూ దగ్గు. రేపటి నుంచి నన్నే చూడమంది.

పెలాగియాను రానివ్వలేదు. రేవు దాకా వచ్చింది. కదురు నా చేతిలో పెట్టి, “తలుపు అక్కర్లేదన్నావు కదమ్మా” అంది. అని, నా కాళ్ళ మీద పడింది.

ఫిబ్రవరి 20

చక్రవర్తి లేచి తిరుగుతున్నాడట. జావ మానేసి మాంసం తింటున్నాడట.

మార్చి 12

థెక్లా వచ్చింది. మధ్యలో కటకటాలు, ఇటు పక్క నాతో పాటు ఒక ముసలి సన్యాసిని. నికోన్‌కు రెండు పళ్ళు వచ్చాయి. వాణ్ణి దూరంగానే పట్టుకుంది.

దమియానోస్ అవతలి ఒడ్డున మఠంలో ఉన్నాడట. పది రోజులకొకసారి చూడనిస్తారట. ఎలా ఉన్నాడని అడగడానికి నాకు నోరు రాలేదు. తనే చెప్పింది.

“గోడ పట్టుకుని నడుస్తున్నాడు. బిడ్డ మొహం తడిమి చూశాడు. తర్వాత నీ సంగతి అడిగాడు.” వదినా అనలేదు, మీరు అనలేదు. “ఆవిడ మొహానికి ఏమీ చేయలేదు కదా అన్నాడు. ముక్కు ఉంది కదా అన్నాడు. ఉందన్నాను. ‘అయితే సరే’ అన్నాడు. అంతే, ఇంకేమీ అడగలేదు.”

నేను కటకటాలు పట్టుకున్నాను.

“పన్నెండేళ్ళు కాపురం చేశాను. నా మొహం ఎలా ఉందని ఒక్కరోజు అడగలేదు” అంది థెక్లా. “నీకు చెప్పకూడదనుకునే వచ్చాను. చెప్పకుండా పోతే నేనొక్కదాన్నే మొయ్యాలి. నువ్వు కూడా మొయ్యి.”

బిడ్డను భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. వాడు వెనక్కి తిరిగి నన్ను చూస్తూనే ఉన్నాడు, కొత్త మనిషిని చూసినట్టు.

మార్చి 13

ముక్కుసూటి మనిషి, అబద్ధం చేతకాదు అని జనవరిలో రాశాను. ఆ పుట చింపేద్దామని చూశాను. వెనక పక్క గుర్రాలకు కళ్ళలో పూత వస్తే వేసే మందు ఉంది. చింపలేదు.

మార్చి 18, బుధవారం

పొద్దుటి నుంచి కంచరగాడిద దగ్గర ఉన్నాను. దగ్గు తగ్గింది.

వంటశాలలో ఎవరో సోంపు వేసి చిక్కుడు గింజలు ఉడికిస్తున్నారు. నా గది దాకా వాసన వస్తోంది. ముక్కు మూసుకున్నాను. కాసేపటికి చేయి తీసేశాను.